వీలు ఎవరిది?

మధ్యాహ్నము రెండు గంటల వేళ. భోజనములైనవి, అంట్లు తోమి బోర్లించుటయు నైనది. మగవారు పనులమీదను, పిల్లలు బడులకును వెడలిరి. గోదావరి సముద్రమున గలియు చోటికి చేరువనున్న నరసాపురము చుట్టుపట్ల పల్లెలలో ఈ వేళకు స్త్రీలు నలుగురైదుగురు ఒక అరుగుమీద చేరి కూర్చుందురు. ఒడిలో నూలుండ; చేతిలో కొనయందు కొక్కెము గల సన్నని సూది. మాటలాడుచునే యుందురు గాని వ్రేళ్లు మాత్రము నిలువవు. చీకటిపడు వేళకు ఒక్కొక్కరి చెంత తెల్లని నూలుపువ్వులు కుప్పగా పోగగును.

అదే వేళకు నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో గడపల చెంత మరికొందరు స్త్రీలు ఒడిలో చాట నుంచుకొని, నానవేసిన తునికాకును అచ్చు ప్రకారము కత్తిరించి, చిటికెడు పొగాకు పొడి పోసి, చుట్టి, దారము కట్టి, కొన మడచుచుందురు. వీరికిని మాటలు సాగుచునే యుండును. వీరి వ్రేళ్లును నిలువవు.

ఈ ఇరుతెగల స్త్రీలలో ఎవరినైనను "మీరేం పని చేస్తారమ్మా?" అని యడిగి చూడుడు. "పనేముందమ్మా? ఇంటిదగ్గరే ఉంటాను" అను సమాధానమే తరచుగా వచ్చును. తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువరకు పనిచేసినది. ఆ పనికి కూలి పుచ్చుకొన్నది. ఆ కూలితో ఇంటిలోనికి ఉప్పును పప్పును తెచ్చినది. అట్టి యామెయే తాను పని చేయుటలేదని చెప్పుచున్నది! ఈ వింతను గురించియే సోదరీమణులతో కొంత ముచ్చటింప దలచితిని. ఇది వట్టి మాటల వింత కాదు. ఈ యొక్క మాటవలన ఆమె కూలి తగ్గుచున్నది. జబ్బుపడిన దినమునకును, ముసలితనమునకును ఆధారము లేకుండ పోవుచున్నది.

లోకములో సగమునకు పైగా

ఇట్టి పనులు మన రెండు రాష్ట్రములకే పరిమితమైనవి కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థవారు 2018లో ప్రకటించిన లెక్క ననుసరించి లోకమునందు పనిచేయువారిలో నూటికి 61 మంది, అనగా దాదాపు 200 కోట్లమంది, నియామకపు కాగితము గాని, సెలవు గాని, వృద్ధాప్య వేతనము గాని లేని పనులలో నున్నారు. వీరిలో అత్యధికులు ఇంకను వృద్ధి చెందుచున్న దేశములవారే. తమ యింటనే కూర్చుండి సంపాదించువారు 2019లో లోకమున 26 కోట్లమంది యుండిరనియు, అందు 14 కోట్ల 70 లక్షలమంది స్త్రీలేయనియు ఆ సంస్థవారే 2021లో తెలిపిరి.

ఆఫ్రికాఖండములోని ఘానాదేశపు ముఖ్యపట్టణమైన ఆక్రాలో చిల్లర పనులు చేసికొని బ్రదుకువారిని పరిశీలించి, కీత్ హార్ట్ అను మానవశాస్త్రజ్ఞుడు 1970 తరువాతి యేండ్లలో ఈ విధమైన పనులకొక పేరు పెట్టెను. ఆ పేరే మన దేశములో 'అసంఘటిత రంగము' అను మాటగా వ్యాపించినది. అంతకుముందు పెద్దలు వీరిని నిరుద్యోగులనియే తలంచెడివారు. పని లేనివారు కారు, పనిచేయుచు లెక్కకు రానివారు అని ఆయన చూపెను.

ఈ పనులను గురించి ఆర్థికశాస్త్రజ్ఞులు తరచుగా వాడు మాట యొకటి కలదు. అది 'వెసులుబాటు'. మన యిండ్లలో దానినే 'వీలు' అందుము. "ఇంటిపట్టున వీలు చూచుకొని చేయు పని, పిల్లలను చూచుకొనవచ్చును, వంట చేసికొనవచ్చును, ఇష్టము లేనినాడు మానవచ్చును" అని చెప్పుదురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని ఆ వీలు ఎవరికెంత దక్కుచున్నదో లెక్క చూడవలసియున్నది.

నరసాపురపు లేసు

కొక్కెపు సూదితో నూలల్లు విద్య గోదావరి మండలమునకు 19వ శతాబ్దములో వచ్చినది. క్రైస్తవ మిషనుల స్త్రీలు దీనిని బీద బాలికలకు నేర్పిరి. కొలదికాలములోనే ఇది మతభేదము లేక పల్లెపల్లెకు ప్రాకినది. నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల స్త్రీలల్లిన బల్లగుడ్డలు, దిండుగలీబులు, అంచులు ఓడలెక్కి దూరదేశముల యిండ్లను చేరినవి. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పేరుతో అమ్మకమునకు వచ్చు సరకు ఈ ప్రాంతమున ఇట్లల్లినదే కావలెనని దాని యర్థము. అది మనకందరకు గర్వకారణమే.

ఇక పని నడచు తీరు చూతము. ఎగుమతి వర్తకుడు పట్టణములో నుండును. అతని నూలును ఏజెంటు ఊరికి తెచ్చి ఇల్లిల్లు పంచిపెట్టును. ఒక యింట పువ్వులల్లుదురు. వేరొక యింట ఆ పువ్వులను అతుకుదురు. అల్లినయామె అతికినయామె నెరుగదు. ఇద్దరును కొన్న దొరసాని నెరుగరు. ఆమె యిచ్చిన ధరయు నెరుగరు. తమ కంటికి కనబడువాడు ఏజెంటొక్కడే. కూలి గంటలకు గాక ముక్కలకు లెక్కింపబడును.

మేరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు 1980కి కొంచెము ముందు ఈ పల్లెలలో నుండి ఈ పనిని పరిశీలించి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అను గ్రంథమును ప్రకటించెను. ఆనాడు లక్షకు పైబడిన స్త్రీలు లేసునల్లుచుండినట్లు ఆమె యంచనా. దినమెల్ల అల్లిన స్త్రీకి ముట్టినది నిండు రూపాయి కూడ కాదు. పొలములో నాట్లువేయు కూలిస్త్రీకి ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలికంటెను అది చాల తక్కువ. విదేశద్రవ్యమును ఇంత తెచ్చుచున్న యీ స్త్రీలు నాటి జనాభా లెక్కలలో పనివారుగా కానరానే లేదు. అందరును 'గృహిణులు'గానే వ్రాయబడిరి.

ఇంత తక్కువ కూలికి వీరేల ఒప్పుకొనిరి? మీస్ చూపిన కారణము మన యింటి లోపలిదే. పొలమునకు పోయి కూలిచేయుట తమ యింటికి గౌరవము కాదని తలంచు కుటుంబముల స్త్రీలు వీరిలో పెక్కురు. లేసు అట్లు కాదు. అది 'తీరికవేళ కాలక్షేపము', ఇల్లు కదలనక్కరలేదు, పరువు పోదు. వర్తకుడును ఆ మాటనే యనెను, భర్తయు ఆ మాటనే యనెను, చివరకు ఆమెయు ఆ మాటనే యనుకొన్నది. కాలక్షేపమునకు కూలి బేరమాడువారుండరు గదా! మర్యాదగా తోచిన యా పేరే ఆమె కూలిని తగ్గించినది.

వీలు లెక్క

ఇప్పుడు వీలును పాళ్లుగా పంచి చూతము. కార్ఖానా కట్టి అందులో స్త్రీలను కూర్చుండబెట్టి పనిచేయించినచో యజమానునకు గది యద్దె, దీపము, గాలి, త్రాగునీరు, మరుగుదొడ్డి, పసిపిల్లలకొక తావు, ఇవియన్నియు వ్యయములే. పని లేని దినమునను కొంత యియ్యవలసి వచ్చును. పనివారందరు ఒకచోట నుందురు గనుక కూలి చాలదని ఒక్కపెట్టున నడుగుదురు. పని యింటికి పంపినచో గది ఆమెది, దీపము ఆమెది, అరుగు ఆమె మామగారు కట్టించినది. గిరాకి తగ్గిననాడు "ఈ వారము నూలు లేదు" అన్న చాలును. ఎవరిని తీసివేసినట్లును కాదు. 2020 మార్చి 25 నుండి దేశమంతటను రాకపోకలు నిలిచినప్పుడు ఇట్టి పనివారి కష్టము బయటపడినది. సరకు ఆగినది, సరకుతోడనే కూలి ఆగినది. ఆ దినములకు కూలి యియ్యవలసిన యజమానుడు ఎవడని యడిగిన, కాగితముమీద ఎవడును లేడు.

ఇక ఆమెకు దక్కిన వీలు ఏది? పని మానవచ్చును, మానినచో కూలి లేదు. "రెక్కాడితే గాని డొక్కాడదు" అన్నచోట మానుట వీలని యనదగునా? పిల్లవానిని ఒడిలో నుంచుకొని పనిచేయవచ్చును. బీడీలైనచో పొగాకు ధూళి వానికిని తగులును. తనకు నచ్చిన వేళ పనిచేయవచ్చును. ఆ వేళ తరచుగా అందరు నిద్రించిన తరువాతనే వచ్చును. వర్తకునకు సరకు తగ్గించుకొను వీలు, ఆమెకు నిద్ర తగ్గించుకొను వీలు: ఈ రెంటిని ఒక్క మాటతో పిలుచుట న్యాయము కాదు.

బీడీల కథ వేరు

నరసాపురపు స్త్రీవలెనే నిజామాబాదు స్త్రీయు ఇంటనే పనిచేయుచున్నది. ఆమె భర్త మగ్గముమీదనో, గల్ఫుదేశములలోనో, భివండీలోనో యుండవచ్చును. నెల గడచుట చాలవరకు బీడీలమీదనే. కాని ఈమె విషయములో చట్టమొక మంచి పని చేసినది.

1966లో పార్లమెంటు బీడీ, చుట్టల కార్మికులకొరకు ప్రత్యేకముగా ఒక చట్టమును చేసెను. యజమానునివద్ద గాని గుత్తదారునివద్ద గాని ఆకు, పొగాకు గొనిపోయి తన యింట బీడీలు చుట్టు స్త్రీయు కార్మికురాలే యని ఆ చట్టము చెప్పినది. ప్రసూతి సౌకర్యము, సెలవులు, ఊరక తీసివేయకుండ రక్షణ మొదలగునవి యందుండెను. బాగులేవని చెప్పి బీడీలను త్రోసిపుచ్చుటకును హద్దు లేర్పడినవి. 1976లో సంక్షేమనిధి యొకటి యేర్పడి, బీడీలపై వసూలైన సెస్సుతో వైద్యశాలలు, పిల్లలకు విద్యావేతనములు, ఇండ్లు మొదలగువానికి సాయము జరిగినది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ఆ సెస్సు రద్దయినది.

ఇండ్లలో చుట్టువారికి భవిష్యనిధి చెల్లింపవలెనా యను వివాదము సుప్రీముకోర్టువరకు పోయినది. "వారు మా కార్ఖానాకు రారు, ఎప్పుడు చుట్టుదురో మాకు తెలియదు, వారిపై మాకు అధికారమెక్కడిది?" అను రీతిగా యజమానుల వాదము నడచినది. 1985లో ఆ న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ప్రతి గృహిణియు నెరుగదగినది. తెచ్చిన సరకును పరీక్షించి, నాణ్యము చాలనిదానిని త్రోసివేయు హక్కు యజమానునకు కలదు. ఆ హక్కే అతని యధికారము. కావున ఇంటిలో చుట్టు స్త్రీయు అతని ఉద్యోగియే యని ఆ తీర్పు సారాంశము. ఇట్టి వివేచనమే అంతకు ముందు 1973లో మన హైదరాబాదు, సికిందరాబాదు దర్జీదుకాణముల వ్యాజ్యములోను కనబడినది. బట్టలు కుట్టి ముక్కకింత యని పుచ్చుకొను దర్జీలు దుకాణదారుని పనివారేయని నాడు సుప్రీముకోర్టు తీర్చినది.

ఎంత సులువైన గీటురాయి! గోడ ఎవరిది, గడియారము ఎవరిది అని యడుగ నక్కరలేదు. చేసిన పనిని "ఇది పనికిరాదు" అని త్రోసివేయు అధికారము ఎవనికి గలదో వాడే యజమానుడు. ఈ గీటురాయిమీద లేసును గీసి చూడుడు. ఏజెంటు పువ్వులను త్రిప్పి చూచి, మురికియైనదనియు, కొలత తప్పినదనియు కూలి తగ్గించుటలేదా? మరి కాలక్షేపమునకు కొలత యేమి? కొలత యున్నచోట పని యున్నది; పని యున్నచోట పనిచేయించువాడున్నాడు.

కాగితపు విలువ

ఆ చట్టమువలన బీడీలు చుట్టు స్త్రీల బ్రదుకు బంగారమైనదని చెప్పను. వెన్నునొప్పి, దగ్గు, వ్రేళ్ల మంట ఆ యిండ్లలో చుట్టములవలె స్థిరపడినవి. కార్డు అత్తగారి పేర నుండగా కోడలును ఆడుబిడ్డయు దానిమీదనే చుట్టుచుందురు. కార్డు లేని చేతులు లెక్కకెక్కవు. కార్ఖానావారిచ్చిన ఆకు చినిగినదై వెయ్యికి చాలనప్పుడు కొరతను ఆమెయే కొని పూరింపవలెను. చట్టపు కంటబడకుండ తక్కువ కూలికి చుట్టించు చిన్న వ్యాపారులును లేకపోలేదు.

అయినను తేడా యొకటి చూడుడు. తెలంగాణ ప్రభుత్వము బీడీకార్మికులకు 2015లో నెలకు 1000 రూపాయల భృతి ప్రారంభించినది. 2019లో దానిని 2016 రూపాయలకు పెంచినది. అది ఎవరికి ముట్టెను? భవిష్యనిధి నెంబరు గలవారికి. ముప్పది యేండ్లు చుట్టినను పేరు ఎక్కడను ఎక్కనియామె పొరుగింటి గడపలో కూర్చుండి చూచుచుండవలసి వచ్చినది. వ్రేళ్లు రెండిండ్లలోను ఒక్కతీరుననే అరిగినవి. వ్రాత మాత్రము ఒక యింటనే యుండెను.

ఒకనాటి లెక్క

మనము పాలవాని లెక్క, చాకలి లెక్క తప్పక వ్రాసికొందుము గదా! ఇంటి పని కూలిని కూడ అట్లే లెక్కించి చూతము. ఈ క్రింది అంకెలు ఉదాహరణమునకు అనుకొన్నవి మాత్రమే. మీ ఊరి అంకెలు వేసికొని మరల కట్టవచ్చును.

వెయ్యి బీడీలకు కూలి 250 రూపాయలనుకొందము. త్రోసివేతకు పోను వెయ్యి నిలువవలెనన్న ఆమె 1050 చుట్టినది. ఆకు చాలక 20 రూపాయలది కొన్నది. దారము 5 రూపాయలు. చేతికి మిగిలినవి 225 రూపాయలు. ఇక కాలము: ఆకు తడిపి కత్తిరించుటకు 2 గంటలు, చుట్టుటకు 8 గంటలు, కొనలు మడచి కట్టలు కట్టుటకు 1 గంట, కార్ఖానాకు పోయి వరుసలో నిలిచి అప్పగించి వచ్చుటకు 1 గంట, మొత్తము 12 గంటలు. గంటకు 18 రూపాయల 75 పైసలు. కార్ఖానాలోవలె 8 గంటల దినముగా కట్టిన 150 రూపాయలు మాత్రమే. "రోజుకు రెండువందల యేబది వచ్చుచున్నది" అని ఇల్లంతయు తలంచుచుండగా నిజమిది. బడినుండి వచ్చిన బాలిక మడచిన అరగంటను, అత్తగారు కత్తిరించిన ఆకును ఇందు చేర్చనే లేదు.

ఈ లెక్క కట్టినంతమాత్రమున కూలి పెరుగదు. కాని బేరమాడుటకు మొదటి మెట్టు ఇదియే. తన గంట విలువ తెలియనియామె "ఇంకొక రూపాయి పెంచుము" అని యడుగుటకే వెనుదీయును.

ఎదుటివారి మాట

ఇచ్చట ఒక యాక్షేపము వినబడును. "చట్టములు బిగించినకొలది వర్తకుడు పనిని వేరొక రాష్ట్రమునకో వేరొక దేశమునకో గొనిపోవును, లేదా యంత్రము తెచ్చును. ఉన్న కూలియు పోవును. తక్కువ కూలియైనను లేని కూలికన్న మేలు గదా?" ఈ మాట కొట్టివేయదగినది కాదు. యంత్రపు లేసు బజారులో చౌకగా దొరకుచున్నది. కూలి తక్కువయున్న తావునకు పని తరలిపోవుటయు మనమెరిగినదే. ఇంటిపని నిషేధింపుడని యెవరైన ననినచో మొదట ఎదురు చెప్పువారు ఆ పనిచేయు స్త్రీలే. బయటికి పోరాని యిల్లు, చంటిబిడ్డ, మంచమున బడిన మామగారు, ఇవి కలవారికి ఇంటిపని నిజముగా ఆధారమే.

కావున అడుగవలసినది నిషేధము కాదు. వీలు ఉండనిండు, దాని వెల ఇద్దరును పంచుకొనవలెను. తనకు సరకు తగ్గించుకొను వీలు కావలెనన్న వర్తకుడు ఆ వీలునకు ప్రతిగా ఆమె భవిష్యనిధిలో కొంత వేయవలెను. లెక్క చీటి యియ్యవలెను. కారణము చెప్పక త్రోసివేయరాదు. పని తరలిపోవునను భయమునకును మందు కలదు. ఒక్క ఊరిలో ఒక్క రాష్ట్రములో నియమముండుటకంటె అంతటను ఒక్కతీరు నియమముండుట మేలు. ఆ యుద్దేశముతోనే అంతర్జాతీయ కార్మిక సంస్థవారు 1996లో ఇంటిపనిని గూర్చి యొక ఒడంబడికను చేసిరి. ఇంటిలో పనిచేయువారికిని ఇతర కూలివారితో సమానమైన ఆదరము ఉండవలెనని దాని సారము. చాల కొలది దేశములే దాని నంగీకరించినవి. మన దేశము ఆ కొలదివానిలో చేరలేదు.

అహమ్మదాబాదులో జరిగినదేమి

చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదని గుజరాతు స్త్రీలు చూపిరి. 1972లో అహమ్మదాబాదున ఎలా భట్ అను న్యాయవాది నెత్తిబరువు మోయువారిని, కూరలమ్మువారిని, ఇండ్లలో బట్టలు కుట్టువారిని, బీడీలు చుట్టువారిని కూడగట్టి 'సేవా' అను సంఘమును నెలకొల్పెను. ట్రేడు యూనియనుగా నమోదు చేయుటకు అధికారులు మొదట సమ్మతింపలేదు. యజమానుడు లేనిదే కార్మికసంఘమెట్లని వారి సందేహము. సంఘము యజమానునితో పోరుటకు మాత్రమే కాదు, పనిచేయువారు ఒకటిగా నిలుచుటకని స్త్రీలు వాదించి నమోదు చేయించుకొనిరి. 1974లో తమ బ్యాంకును తామే స్థాపించుకొనిరి. అక్షరములు రాని స్త్రీలు ఆ బ్యాంకునకు వాటాదారులైరి. 2022లో ఎలా భట్ గతించెను, సంఘము నిలిచియున్నది.

మన దేశములో పెక్కు కార్మిక చట్టములు 2019, 2020 సంవత్సరములలో నాలుగు సంహితలుగా కూర్పబడి, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. బీడీకార్మికుల 1966 నాటి చట్టమును, భవిష్యనిధి చట్టమును వానిలోనే చేరినవి. సాంఘిక భద్రతా సంహితలో 'ఇంటినుండి పనిచేయు కార్మికుడు' అను మాటకు నిర్వచనమున్నది. పేరు చట్టమున కెక్కుట మంచిదే. కాని అసంఘటిత కార్మికులకు ఆ సంహిత ముఖ్యముగా చెప్పినది ప్రభుత్వములు పథకములు చేయవచ్చునని. పథకము వేరు, యజమానుడు చెల్లింపక తప్పని బాకీ వేరు. ఆ రెంటి నడుమ దూరము తగ్గుట స్త్రీలు కూడి యడుగుటమీదనే ఆధారపడియున్నది.

మనము చేయదగినవి

ఇంట కూర్చుండి కూలిపని చేయు సోదరి మన యిరుగుపొరుగున నున్నచో, లేక ఆమె మనమే యైనచో, ఈ కొన్ని పనులు కష్టమైనవి కావు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొనుడు. ఏ తేదీన ఎంత సరకు వచ్చినది, ఎంత అప్పగించితిరి, ఎంత త్రోసివేసిరి, ఎంత ముట్టినది, ఎన్ని గంటలు పట్టినది, అన్నియు వ్రాయుడు. చదువురానియామెకు బడిపిల్ల వ్రాసిపెట్టవచ్చును. వివాదము వచ్చిననాడు నోటిమాటకన్న ఆ బుక్కు బలవంతము.

ఎవరు పనిచేయుదురో వారి పేరనే కార్డుండవలెను. కోడలి పనికి కోడలి పేరు. కేంద్రప్రభుత్వమువారు 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికులకొరకు 'ఈ-శ్రమ్' అను నమోదును ప్రారంభించిరి. కోట్లకొలది జనులు అందు చేరిరి. 'గృహిణి' అని వ్రాసి ఊరకుండక, అల్లుదునని, చుట్టుదునని, కుట్టుదునని పని పేరు చెప్పి చేరుడు. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడును అట్లే చెప్పుడు. "మా ఆవిడ ఏ పనీ చేయదండీ" అని యింటాయన వాకిటినుండియే చెప్పి పంపివేయకుండ చూచుకొనుడు.

ఒక్కరుగా ఏజెంటును అడుగకుడు. అరుగుమీద కూడి పనిచేయు నలుగురును కూడియే అడుగుడు. అరుగు మాటలకు మాత్రమేనా? మన పొదుపు సంఘములలో అప్పుల లెక్కతోపాటు కూలి లెక్కయు చర్చింపవచ్చును.

ఇక కొనువారమైన మనము. పెండ్లి చీరకు అంచును, బల్లకు గుడ్డను బేరమాడునపుడు దానినల్లిన గంటలను ఒక్కసారి తలంచుడు. ఇరుగింటి దర్జీయామెతో "ఊరికే కూర్చున్నావు గదా, ఈ రవిక కుట్టిపెట్టు" అనకుడు. ఆమె ఊరక కూర్చుండలేదు.

అన్నిటికంటె ముందు మాట మారవలెను. మన పెద్దలు ఇంటిపని పుణ్యమనిరి. పుణ్యమైనను అది పనియే. అందులో పరులకొరకు చేసి కూలి పుచ్చుకొను పని మరింత స్పష్టముగా పని. సూది కొక్కెమునకు గుచ్చుకొన్న వ్రేలు, ఆకు కత్తిరించి కాయలు గాచిన వ్రేలు ఆ సంగతిని ఎప్పుడో చెప్పినవి. ఇక నోరు కూడ చెప్పవలెను. రేపు మధ్యాహ్నము ఎవరైన వచ్చి "మీరేం పని చేస్తారమ్మా?" అని యడిగినచో, చేతిలోని పని దించక, తల యెత్తి, దాని పేరు చెప్పుదము.